‘ప్రింటే కదా’ అనే ముందు

గ్యాలరీ గోడ మీద చిన్న ఎచింగ్, అంటే లోహపు రేకు మీద యాసిడ్‌తో గీతలు కొరికించి, వాటిలో సిరా నింపి కాగితం మీద తీసిన ముద్ర. కింద ఎడమ మూల పెన్సిలుతో 7/25 అని ఉంటుంది. అది చూడగానే “ఓహో, ప్రింటా” అని పక్క బొమ్మ దగ్గరికి జరిగిపోయేవాళ్లు చాలామంది. మన ఇళ్లలో ప్రింటు అంటే క్యాలెండర్ బొమ్మ. అసలు ఎక్కడో ఉంటుంది, ఇది దాని నకలు అని లెక్క. ఎచింగ్ విషయంలో ఈ లెక్క మొదటికే తప్పు. దానికి ఇంకెక్కడా ‘అసలు’ లేదు. రాగి రేకు మీద ఉన్నది బొమ్మ కాదు, కుడిఎడమలు తారుమారైన గాట్లు. ఆ గాట్లలో సిరా నిండి, తడి కాగితం మీదికి ఎక్కినప్పుడే బొమ్మ పుడుతుంది. పాతిక కాగితాలు తీస్తే పాతికా అసలైనవే.

ఇది కళాకారులు తమ గొప్పకు చెప్పుకునే మాట కాదు. కస్టమ్స్ టారిఫ్ కూడా ఇదే అంటుంది. కళాకారుడు పూర్తిగా చేత్తో చేసిన ప్లేటు (రేకు) నుంచి నేరుగా తీసిన ముద్ర అసలైన ప్రింటు కింద 9702 శీర్షికలోకి వస్తుంది. యంత్రంతోనో ఫొటో పద్ధతిలోనో తీసినది అందులోకి రాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ వర్గం మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఏ శీర్షిక వేశారో చూస్తే అమ్మేవాళ్లు ఆ వస్తువును ఏమని చెబుతున్నారో కూడా తెలిసిపోతుంది.

తెలుగువాళ్లకు ఈ విద్యతో ఉన్న బంధం చిన్నదేమీ కాదు. చిత్తూరు ప్రాంతంలోని నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. లండన్‌లో హెన్రీ మూర్ దగ్గర, పారిస్‌లో జాడ్కిన్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. ఆ తర్వాత పారిస్‌లోనే స్టాన్లీ విలియం హేటర్ నడిపే ప్రింట్ల స్టూడియో అటెలియర్ 17లో చేరారు. బొంబాయి నుంచి వెళ్లిన కైకో మోతీతో కలిసి, ఒకే ప్లేటు మీద ఒకే విడతలో అనేక రంగులు ముద్రించే విస్కాసిటీ (సిరా చిక్కదనం) పద్ధతికి అక్కడ రూపమిచ్చారు. అంతకుముందు ఎచింగ్‌లో మూడు రంగులు కావాలంటే సాధారణంగా మూడు ప్లేట్లు చేసి, మూడూ ఒకే చోట పడేలా గురి కుదుర్చుకుని, మూడుసార్లు ప్రెస్‌లో తోయాల్సి వచ్చేది. 1972లో పద్మశ్రీ అందుకున్న కృష్ణారెడ్డి 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. అంతకు రెండేళ్ల ముందు అక్కడి మెట్రొపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీ ముగ్గురి పనినీ ఒకే ప్రదర్శనగా పెట్టింది. ఆయన గురించి ప్రపంచంలో ప్రింట్‌మేకింగ్ నేర్పే చాలాచోట్ల చెబుతారు. మన ఊళ్లలో ఆ పేరు విన్నవాళ్లు ఇంత తక్కువ ఉండటం బాధ కలిగించే సంగతి.

ఇక్కడ హైదరాబాద్‌లో ఎచింగ్ అనగానే గుర్తొచ్చే పేరు కె. లక్ష్మా గౌడ్. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకుని వచ్చారు. పల్లె మనుషులు, మేకలు, చెట్లు, దేహాలు ఒకదాంట్లో ఒకటి పెనవేసుకున్న ఆయన నలుపు తెలుపు ఎచింగ్‌లలో గీత ఎంత సన్నగా ఉంటుందో, ఆ పక్కనే బూడిద రంగు నీడ అంత మెత్తగా పరుచుకుని ఉంటుంది. గీతది ఒక పని, నీడది వేరే పని. ఆ తేడా తెలియాలంటే రేకు దగ్గరికి వెళ్లాలి.

ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం రాగి రేకు తీసుకుంటారు. జింకు చవక, కానీ మెత్తన. ఎక్కువ కాగితాలు తీస్తే గీత త్వరగా అరిగిపోతుంది. మొదటి పని అంచులు. నాలుగు వైపులా ఆకురాయితో ఏటవాలుగా అరగదీయాలి. ఇది బద్ధకించి వదిలేస్తే ప్రెస్ ఒత్తిడికి రేకు అంచు కత్తిలా పనిచేసి తడి కాగితాన్ని కోస్తుంది, ప్రెస్‌లో కాగితం మీద పరిచే ఖరీదైన ఫెల్టు దుప్పట్లను కూడా కోస్తుంది. తర్వాత సుద్ద పొడి, కాస్త అమోనియా వేసి రుద్ది జిడ్డు వదలగొట్టాలి. కడిగిన రేకును నిలువుగా పట్టుకుంటే నీళ్లు ఒకే పొరగా జారాలి. ఎక్కడైనా పూసల్లా విడిపోతే అక్కడ ఇంకా జిడ్డు ఉన్నట్టే. పైన వేసే మైనం అక్కడ పట్టదు. యాసిడ్‌లో పెట్టాక సరిగ్గా అక్కడే ఊడి, అక్కర్లేని చోట మచ్చలు తేలతాయి.

తేనెమైనం, తారు, రోజిన్ (పైన్ చెట్టు బంక) కలిపి చేసిన ముద్దను వేడి రేకు మీద పలచగా పరిచి, చల్లారాక సూదితో గీస్తారు. కొత్తవాళ్లు ఇక్కడ బలమంతా పెడతారు. లోహాన్ని గీకక్కర్లేదు, మైనం లేచి రాగి మెరిస్తే చాలు. లోతు చేసేది సూది కాదు, యాసిడ్. సూది ఒత్తిడి కొన్నిచోట్ల రాగిలోకి దిగితే ఆ గీతలు ముందే లోతై, తర్వాత యాసిడ్ వేళలు ఎంత లెక్కగా పెట్టినా మాట వినవు.

రాగికి ఫెర్రిక్ క్లోరైడ్ వాడటం మంచిది. నైట్రిక్ యాసిడ్‌లా గోధుమ రంగు పొగ రాదు, గీతను పక్కలకు తినకుండా కిందికి తింటుంది. దానితో ఒక చిక్కు ఉంది. తినేసిన రాగి మడ్డిగా మారి గీతలోనే పేరుకుపోతుంది, అడుగున కొరకడం ఆగిపోతుంది. అందుకే గీతలున్న వైపు కిందికి ఉండేలా రేకును వేలాడదీస్తారు, లేదా నిలువు తొట్టిలో ముంచుతారు. నైట్రిక్ అయితే సమస్య తిరగబడుతుంది. గీతల మీద బుడగలు కూర్చుంటాయి, వాటిని ఈకతో తోస్తూ ఉండాలి. లేకపోతే గీత తెగి చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఏ యాసిడ్ కలిపినా నీళ్లలోకి యాసిడ్ పోయాలి. యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు, ఒక్కసారి కూడా. ఫెర్రిక్ క్లోరైడ్‌లో జింకు వేయొద్దు, సెగ పుట్టి వాయువు ఎగుస్తుంది. ఇంట్లో చిన్నగా చేసుకునేవాళ్లకు జింకు రేకు, మైలుతుత్తం సరిపోతాయి. లీటరు నీటికి 75 గ్రాముల మైలుతుత్తం, అంతే తూకం ఉప్పు. నీలం రంగు వెలిసిపోతే మందు అయిపోయినట్టు. అడుగున చేరే ఎర్రటి రాగి మడ్డిని సింకులో పారబోయకండి, కాలువలో చేపలకు అది విషం.

పలుచని గీత పది నిమిషాల్లో వస్తుంది. ముదురు నలుపు కావాలంటే అదే ద్రావణంలో ముప్పావు గంటో గంటో పడుతుంది. చాలు అనుకున్న గీతల మీద వార్నిష్ పూసి మూసేసి, మిగతావాటిని మళ్లీ ముంచుతారు. ఇలా నాలుగైదు ముంపులతో రేకు మీద నాలుగైదు నలుపులు సిద్ధమవుతాయి. ఇక మెత్తటి నీడలకు ఆక్వాటింట్. రోజిన్ పొడిని సన్నగా చల్లి, కింద నుంచి వేడి చేస్తే తెల్లటి రేణువులు కరిగి పారదర్శకమవుతాయి. ఆ క్షణంలో మంట తీసేయాలి. ఇంకొంచెం ఆగితే రేణువులు కలిసిపోయి గ్లాసు పొరలా మూసేస్తాయి, యాసిడ్ లోపలికి దిగదు. ముందే తీసేస్తే పొడి నీళ్లలో కొట్టుకుపోతుంది. రేకు మీద సగం జాగాను రేణువులు కప్పాలి, సగం ఖాళీగా ఉండాలి. రోజిన్ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, గాలిలో దట్టంగా లేచినప్పుడు నిప్పు తగిలితే భగ్గుమంటుంది. మాస్క్ లేకుండా రోజిన్ చల్లే పెట్టె తెరవకండి.

ఇప్పుడు చేతి దగ్గరికి వద్దాం. ప్రింటు విలువ నిలిచేదీ కూలేదీ ఇక్కడే.

చిక్కటి నూనె సిరాను అట్టముక్కతో రేకంతా పూసి గీతల్లోకి కూరుతారు. తర్వాత గంజి పెట్టిన పలచటి వల గుడ్డను ముద్దగా చుట్టి, గుండ్రంగా తిప్పుతూ పైన ఉన్న సిరా తీసేస్తారు. గుడ్డ మరీ మెత్తనైతే గీతల్లోంచి కూడా సిరా లాగేస్తుంది, గరుకైతే రేకు మీద గీకుళ్లు పడతాయి. చివరిది అరచేయి. అరచేతి అంచుకు చిటికెడు సుద్ద అద్దుకుని, రేకును తాకీ తాకనట్టు చరుస్తూ పోతే తెల్లగా ఉండాల్సిన చోట లోహం అద్దంలా బయటపడుతుంది. ఒక్క చరుపు ఎక్కువైతే నీడ చచ్చిపోతుంది. ఒక్కటి తక్కువైతే బొమ్మంతా మాసిన పంచెలా కనిపిస్తుంది. పాతిక కాగితాలు తీయాలంటే ఇదే పని పాతికసార్లు, పాతికా ఒకేలా ఉండాలి. ఏడో ప్రింటుకూ పద్దెనిమిదో ప్రింటుకూ వెంట్రుకవాసి తేడా ఎందుకుంటుందంటే, మధ్యలో ఉన్నది మనిషి అరచేయి కాబట్టి.

కాగితం నూలు గుజ్జుది, 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు). అరగంటకు తక్కువ కాకుండా నానబెట్టి, బ్లాటింగ్ కాగితాల మధ్య ఒత్తి పైనున్న తడి తీసేయాలి. తాకితే చల్లగా ఉండాలి, కంటికి నీటి మెరుపు కనపడకూడదు. మెరుస్తుంటే నీళ్లు సిరాను తోసేస్తాయి. ఆరిపోతే కాగితం గీతల్లోకి దిగక తెల్లటి నలుసులు మిగులుతాయి. ముద్రించాక బ్లాటర్ల మధ్య పలకల కింద బరువు పెట్టి, రోజూ బ్లాటర్ మారుస్తూ వారం దాకా ఆరబెడతారు. తొందరపడి ఎండలో వేస్తే కాగితం అప్పడంలా వంకర తిరుగుతుంది.

కృష్ణారెడ్డి పద్ధతిలో ఇంకో మెట్టు ఎక్కాలి. ఆయన శిల్పి కాబట్టి రేకును శిల్పంలాగే చూశారు. రేకులో కనీసం మూడు లోతులు చేస్తారు: పై తలం, నడిమి తలం, బాగా దిగిన పల్లం. యాసిడ్‌తో మాత్రమే కాదు, గీకుడు పనిముట్లతోనూ యంత్రపు ఉలులతోనూ చెక్కి, పల్లాల అడుగును నున్నగా సానపడతారు. ముందు మామూలుగానే గీతల్లో సిరా నింపి తుడుస్తారు. తర్వాత గట్టి రబ్బరు రోలర్ మీద పలుచని సిరా. అవిసె నూనె బాగా కలిపిన రంగు. గట్టి రోలర్ పై తలాన్నే తాకుతుంది, పల్లంలోకి వంగలేదు. ఆ తర్వాత మెత్తటి రోలర్ మీద నూనె తక్కువున్న చిక్కటి సిరా. ఇది ఒత్తితే పల్లంలోకి దిగి అక్కడ రంగు వేస్తుంది. మరి పై తలం మీదుగా కూడా పోతుంది కదా, అక్కడ రంగులు కలిసిపోవా? పోవు. నూనె ఎక్కువున్న పొర మీదికి చిక్కటి సిరా అంటదు, జారి వెనక్కి వచ్చేస్తుంది. జిడ్డు చేతికి జిగురు అంటనట్టే. ఒకే రేకు మీద, ఒకే తోపులో గీతల రంగు, పైరంగు, లోరంగు మూడూ కాగితానికెక్కుతాయి.

వినడానికి తేలికే. చేస్తే తల ప్రాణం తోకకొస్తుంది. రెండు సిరాల చిక్కదనంలో తేడా చాలకపోతే కలిసి బురద రంగు వస్తుంది. పలుచని సిరా మరీ పలుచనైతే ప్రెస్‌లో నలిగి పల్లాల అంచుల మీదికి కారుతుంది. సిరాను కత్తి మీద ఎత్తి చూస్తే, పలుచనిది నూనెలా వెంటనే జారాలి, చిక్కటిది తేనెలా తీగ సాగి ఆగి ఆగి తెగాలి. మరీ జారుగా ఉంటే కాస్త మెగ్నీషియం కార్బొనేట్ పొడి కలిపి బిగిస్తారు. మన ఊళ్లలో దీనికి తోడు ఎండ ఒకటి. పొద్దున కుదిరిన చిక్కదనం మే నెల మధ్యాహ్నానికి కరిగిపోతుంది. అందుకే వేసవిలో తెల్లవారుజామున ముద్రించడం మేలు. మధ్యాహ్నం చేయాల్సి వస్తే సిరా మళ్లీ పరీక్షించకుండా రోలర్ ముట్టుకోకూడదు.

ఇంకో తప్పు మొదటి రోజే దొరుకుతుంది. రోలర్ చుట్టుకొలత రేకు పొడవు కన్నా ఎక్కువ ఉండాలి. ఒక్క చుట్టుతోనే రేకంతా దాటాలి. రోలర్ చిన్నదైతే రెండో చుట్టు మొదలైన చోట అడ్డంగా ఒక గీత, దాని అవతల బొమ్మ నీడ మళ్లీ కనపడుతుంది. 16 సెంటీమీటర్ల వ్యాసమున్న రోలర్ ఒక చుట్టుకు దాదాపు 50 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే 45 సెంటీమీటర్ల రేకు దాకా దాన్ని నమ్ముకోవచ్చు. ఒక్కసారి దొర్లించాక రోలర్ మీద బొమ్మ ముద్ర మిగిలిపోతుంది, ప్రతి కాగితానికీ ముందు రోలర్ తుడిచి సిరా కొత్తగా పరచాలి. ఓ మాదిరి రేకుకు ఇదంతా ముప్పావు గంట పని. రోజుకు ఐదారు మంచి కాగితాలు వస్తే ఆ రోజు బాగా నడిచినట్టు. పాతిక ఎడిషన్, అంటే ఒకే రేకు నుంచి తీసి సంఖ్యలు వేసే పాతిక కాగితాల జట్టు, పాడైనవి పోగా వారం ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసిన పని.

రంగుల వరుస మార్చినా, చిక్కదనాలు తారుమారు చేసినా అదే రేకు నుంచి వేరే బొమ్మ వస్తుంది. కృష్ణారెడ్డి 1981 నాటి ‘గ్రేట్ క్లౌన్’ను ఒకే ప్లేటు నుంచి ఎన్నో రంగుల కూర్పుల్లో తీశారు. కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. వేలం జాబితాలో ఒక ‘గ్రేట్ క్లౌన్’ ధర చూసి, ఎదురుగా ఉన్నదానికి అదే ధర కట్టకూడదు. ఏ రంగుల కూర్పు, ఎంత శుభ్రంగా ముద్రపడింది, కాగితం ఎలా ఉంది అని విడిగా చూడాలి. 1968లో పారిస్ వీధుల్లోని విద్యార్థుల ఉద్యమం నుంచి పుట్టిన ‘డెమాన్‌స్ట్రేటర్స్’లో మనుషుల గుంపు మీద రంగులు ఒకదాంట్లోంచి ఒకటి మెరుస్తూ మారుతుంటాయి. ఆ మార్పు ఆన్‌లైన్ ఫొటోలో సగమే తెలుస్తుంది. విస్కాసిటీ ప్రింటును ఫొటో చూసి కొనకండి.

అంకెల సంగతి. 7/25 అంటే పాతిక కాగితాల ఎడిషన్‌లో ఏడో సంఖ్య వేసిన కాగితం. ఏడోసారి ముద్రించినదని కాదు. ఆరాక అన్నీ పక్కపక్కన పెట్టి సంతకం చేసేటప్పుడు వేసే సంఖ్య అది. కాబట్టి 1/25కి ఎక్కువ ధర అడిగితే కారణం అడగండి. యాసిడ్ లేకుండా సూదితో నేరుగా లోహాన్నే గీసే డ్రైపాయింట్ మాత్రం వేరు. అందులో సూది లేపిన లోహపు నూగు మీద సిరా నిలుస్తుంది, ప్రెస్‌లో కొద్దిసార్లకే ఆ నూగు అణిగిపోతుంది. ముందు తీసినవి నిజంగానే మఖమల్‌లా ఉంటాయి. ఆక్వాటింట్ కూడా అరుగుతుంది, అంత త్వరగా కాదు.

ఈ పాతిక కాకుండా ఏ/పీ అని రాసిన ఆర్టిస్ట్ ప్రూఫులు ఉంటాయి. ఎడిషన్‌లో పదో వంతు దాకా ఉండటం వాడుక. ముద్రణకు ఒప్పుకున్న నమూనా కాగితం ఒకటి, ముద్రాపకుడి కోసం తీసినవి ఒకటి రెండు కూడా ఉండొచ్చు. వీటిలో మోసం లేదు. మోసం ఎక్కడంటే, పాతిక అని చెప్పి ఏ/పీలు ముప్పై తీయడం, రంగు కాస్త మార్చి ఇంకో పాతిక, రోమన్ అంకెలతో ఇంకో పాతిక. ఏ ఒక్క కాగితం చూసినా ఇది తెలియదు. అందుకే కొనేటప్పుడు ఎడిషన్ ఎంత అని అడిగి ఊరుకోవద్దు. “ఈ ప్లేటు నుంచి అన్నీ కలిపి మొత్తం ఎన్ని కాగితాలు బయటికి వచ్చాయి, ఎవరు ముద్రించారు, ప్లేటు ఇప్పుడెక్కడుంది” అని అడగండి. ఎడిషన్ పూర్తయ్యాక రేకు మీద అడ్డంగా గీత కొట్టి రద్దు చేయడం పద్ధతి. ఆ గీతతో తీసిన ఒక కాగితం చూపించగలిగితే అంతకన్నా మంచి రుజువు లేదు. రద్దు చేయని రేకు కళాకారుడు పోయాక ఎవరి చేతిలోనైనా మళ్లీ సిరా పూసుకోవచ్చు. అలా తర్వాత తీసినవి అని చెప్పి, తగ్గిన ధరకు అమ్మితే అది నిజాయతీ వ్యాపారమే. చెప్పకపోవడమే తప్పు.

కళాకారుడే ముద్రించాలని లేదు. ముద్రించడం తనంత తాను ఒక కళ, దానికి గురువులున్నారు. కరీంనగర్ ధర్మపురిలో పుట్టిన దేవరాజ్ దాకోజీ హైదరాబాద్, బరోడాల్లో చదివి, అమెరికాలో టమరిండ్ ఇన్‌స్టిట్యూట్‌లో లితోగ్రఫీ (రాతి పలక మీద గీసి ముద్రించే పద్ధతి) నేర్చుకుని మాస్టర్ ప్రింటర్‌గా ఎదిగినవారు. ముద్రాపకుడు వేరే అయితే కాగితం మూలన సిరా లేని ఒత్తుడు ముద్ర ఉండొచ్చు. అది ఉంటే విలువ పెరుగుతుందే గానీ తగ్గదు.

అసలా కాదా తేల్చుకోవడానికి పదింతల భూతద్దం చాలు. ఆఫ్‌సెట్ ముద్ర అయితే నాలుగు రంగుల చుక్కలు పువ్వుల్లా వరుసగా కనపడతాయి. ఇంక్‌జెట్ అయితే సన్నటి పిచికారీ చుక్కలు, కాగితంలోకి ఇంకిపోయి ఉంటాయి. ఎచింగ్‌లో గీత కాగితం మీద లేచి ఉంటుంది. కాగితాన్ని పక్క వెలుతురులో వాల్చి చూస్తే నల్ల దారంలా మెరుస్తుంది. వేలితో తాకి చూడకండి, వేలి జిడ్డు పదేళ్ల తర్వాత గోధుమ మరకై బయటికొస్తుంది. చుట్టూ ప్లేటు నొక్కిన పల్లం ఒక్కటే చూసి నమ్మొద్దు. ఆఫ్‌సెట్ బొమ్మ చుట్టూ ఖాళీ రేకుతో నొక్కి ఆ పల్లం పుట్టించడం పాత కిటుకు. వెనక్కి తిప్పి చూడండి. లోతుగా కొరికిన రేకైతే గీతలు వెనక వైపు కూడా ఉబ్బి తెలుస్తాయి. ‘లిమిటెడ్ ఎడిషన్’ అని 200 సంఖ్య వేసి సంతకంతో అమ్మే ఇంక్‌జెట్ కాన్వాసులు అందమైనవే కావచ్చు, కానీ అవి పెయింటింగుల ఫొటోలు. వాటికి ఎచింగ్ ధర ఇవ్వొద్దు.

ధర గురించి ఒక మాట. గ్యాలరీ ధరలో సాధారణంగా మూడో వంతు నుంచి సగం దాకా గ్యాలరీ వాటా. అది అన్యాయమని అనుకోను, అద్దె, ప్రదర్శన, ఫ్రేము అన్నీ వాళ్లవే. వేలంలో అయితే సుత్తి దెబ్బ ధర మీద కొనుగోలుదారు ప్రీమియం, దాని మీద పన్ను కలుస్తాయి. పాట పాడే ముందే కలిపి లెక్కేసుకోండి. పేరున్న కళాకారుడి చేతి పని మామూలు ఉద్యోగి జీతానికి అందే దారి ప్రింటు ఒక్కటే. అందుకే ఇక్కడ మోసం జరిగితే మిగతా చోట్ల కన్నా ఎక్కువ బాధ. ఇంకో వెలితి చట్టంలో ఉంది. కాపీరైట్ చట్టం 53ఎ సెక్షన్ ప్రకారం పదివేల రూపాయలు దాటిన పునర్విక్రయంలో కళాకారుడికి పది శాతం మించని వాటా అడిగే హక్కు ఉంది. కానీ ఆ సెక్షన్ చెప్పేది పెయింటింగ్, శిల్పం, డ్రాయింగ్, రాతప్రతుల గురించి. ప్రింటు పేరు అందులో లేదు. రాగి రేకు మీద ఏళ్లు గడిపినవాళ్లను అక్కడా ‘ప్రింటే కదా’ అని వదిలేసినట్టు అనిపిస్తుంది. చేర్చాలి.

కొన్నాక కాగితాలు జాగ్రత్త. కళాకారుడి పేరు, బొమ్మ పేరు, సంవత్సరం, పద్ధతి, ప్లేటు కొలత, కాగితం కొలత, ఎడిషన్ సంఖ్య, ప్రూఫులు ఎన్ని, ముద్రించింది ఎవరు. ఇవన్నీ బిల్లు మీదో ధ్రువపత్రం మీదో రాయించుకోండి. “ప్రింట్, ఫ్రేముతో” అని ఒక్క ముక్క రాసిన బిల్లు రేపు అమ్మబోతే ఎందుకూ పనికిరాదు.

ఇక ఫ్రేము. మంచి ప్రింట్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. మామూలు ఫ్రేము షాపులో బొమ్మ చుట్టూ తెల్ల అంచు ఎక్కువైందని కత్తిరిస్తారు. సంఖ్యా సంతకమూ మిగిలినా ఆ అంచు పోతే విలువ సగం పోయినట్టే. అట్టకు పూర్తిగా జిగురుతో అంటిస్తారు, లేదా సెల్లోటేపు వేస్తారు. టేపు జిగురు పసుపై కాగితంలోకి దిగిందంటే వదిలించడం నిపుణులకే కష్టం. చెప్పి చేయించుకోవాల్సింది ఇది: యాసిడ్ లేని మౌంట్ బోర్డు, పై అంచున రెండే రెండు జపనీస్ కాగితం ముక్కలు, గోధుమ గంజి జిగురు, కింది వైపు కాగితం స్వేచ్ఛగా వేలాడాలి. అద్దం కాగితాన్ని తాకకూడదు, మౌంట్ ఆ ఎడం ఇవ్వాలి. తాకితే వానాకాలం చెమ్మకు సిరా అద్దానికి అంటుకుంటుంది.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో బయటి గోడకు వేలాడదీయొద్దు. ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న బిరడా ముక్కలు అంటిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. వానలు పోయి గాలి పొడిబారాక ఒకసారి కిందికి దించి వెనక అట్ట చూడండి. సన్నటి గోధుమ చుక్కలు కనపడితే బూజు మొదలైందని అర్థం. బ్రెడ్డు ముక్కతో రుద్దడం, బ్లీచింగ్ వేయడం లాంటివి చేయకుండా, ఫ్రేము విప్పి కాగితాన్ని నీడలో పొడిగా పరిచి, కాగితపు బొమ్మల సంరక్షణ తెలిసినవాళ్లకు చూపించండి. ఎండలో మాత్రం పెట్టకండి.